ఎన్నారై సందేహాలు: ప్రార్థిస్తున్నా ఏడుపు ఆగడం లేదు

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది పలమనేరు. కువైట్‌కు నర్సుగా వచ్చి అయిదు నెలలయింది. రోజూ బైబిలు చదువుతున్నాను, ప్రార్థన చేసుకుంటున్నాను. అయినా డ్యూటీ ముగించుకొని గదికి వచ్చేసరికి ఏడుపు ముంచుకొస్తుంది. నా విశ్వాసంలోనే లోపం ఉందా? క్రీస్తునందు బలపడడం ఎలా?

జవాబు: చెల్లెమ్మా, నీ ఉత్తరంలో అకామా (ఇక్కడ ఉండడానికి ఇచ్చే నివాస అనుమతి) గురించీ, ఇంటికి డబ్బు పంపడం గురించీ కూడా అడిగావు. ఆ నియమాలు మారుతూ ఉంటాయి కనుక వాటిని మీ ఆసుపత్రి ఆఫీసులోనూ మన రాయబార కార్యాలయంలోనూ కనుక్కో. నేను నీ ఏడుపు గురించే రాస్తాను. ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడ ఉన్నదాన్ని. జీతం చాలక వెనక్కి వెళ్లినవాళ్లను కొద్దిమందినే చూశాను. ఒంటరితనంతో లోలోపల ఎండిపోయినవాళ్లను మాత్రం లెక్కపెట్టలేనంతమందిని చూశాను.

నేను 2004లో చిత్తూరు నుంచి వచ్చాను. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1912లో మొదలైన క్షయ శానిటోరియం ఉంది కదా, మా అవ్వ అక్కడ చికిత్స పొంది బతికి బయటపడిన మనిషి. నాకు ప్రార్థన నేర్పింది ఆమే. అలాంటి ఇంట్లో పుట్టానన్న ధీమాతో, చెన్నై విమానాశ్రయంలో ఏడుస్తున్న అమ్మతో, "నాకు యేసు ఉన్నాడమ్మా, ఇంకెవరూ అక్కర్లేదు" అన్నాను. అది విశ్వాసమే అనుకున్నాను. అందులో సగం గర్వమని తెలుసుకోవడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది.

ఆ పద్నాలుగు నెలల్లో చేయగలిగిన తప్పులన్నీ చేశాను. ఇక్కడి వారాంతపు సెలవురోజైన శుక్రవారం డ్యూటీ ఎవరు ఇచ్చినా తీసుకున్నాను, ఎందుకంటే గదిలో ఊరికే కూర్చోవడం కంటే వార్డులో నిలబడడమే తేలికగా ఉండేది. నాతో గదిలో ఉన్న మలయాళీ సిస్టర్ ఆరాధనకు రమ్మని ఎన్నిసార్లు పిలిచినా, అర్థంకాని భాషలో ఆరాధన ఏమిటని వెళ్లలేదు. ప్రతి రాత్రీ ఫోన్ కార్డు గీకి అమ్మతో మాట్లాడేదాన్ని. ఇక్కడ తొమ్మిదంటే చిత్తూరులో పదకొండున్నర. అమ్మ నిద్ర ఆపుకొని ఫోను పక్కనే కూర్చునేది, నేను బాగున్నానని అబద్ధం చెప్పేదాన్ని, తానూ బాగున్నానని అమ్మ అబద్ధం చెప్పేది. దేవునితోనూ నాది బేరమే: ఆరు నెలల్లో సెలవు దొరికితే ఒక నెల జీతం కానుకగా ఇస్తానని మొక్కుకున్నాను. సెలవు దొరకలేదు, నేను బైబిలు మూసేశాను. తర్వాత మా భవనానికి వచ్చి ప్రత్యేక ప్రార్థన చేస్తానన్న ఒకాయనకు ముప్పై దినార్లు ఇచ్చి, ఒక నూనె సీసా తీసుకున్నాను. కష్టంలో ఉన్నవాళ్ల దగ్గర ప్రార్థనకు వెల కట్టేవాళ్లు ఎవరైనా సరే, తలుపు తీయవద్దు.

ఒకసారి నైట్ డ్యూటీ ముగించుకొని తెల్లవారి వచ్చాను. గదిలో మిగతావాళ్లు నిద్రపోతున్నారు. దీపం వేస్తే లేస్తారని, బైబిలు తీసుకొని స్నానాల గదిలోకి వెళ్లి, బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాను. తెరిచిన చోట ఏలీయా కథ ఉంది, పైకి చదవసాగాను. ఫోన్ కార్డు అయిపోయి మూడు రోజులయింది. ఆ మూడు రోజులూ నా నోటి నుంచి ఒక్క తెలుగు మాట రాలేదు. ఆ టైల్స్ గోడల మధ్య నా గొంతులో తెలుగు వినబడేసరికి ఉలిక్కిపడ్డాను. అప్పటిదాకా మనసులో చదివిన బైబిలు కళ్ల ముందు నుంచి వెళ్లిపోయింది గానీ లోపలికి రాలేదని ఆ రోజే గ్రహించాను.

ఆ కథ మొదటి రాజుల గ్రంథం పంతొమ్మిదో అధ్యాయం, నువ్వు కూడా గొంతెత్తి చదువు. కర్మెలు కొండ మీద గెలిచిన ప్రవక్త, తర్వాత అరణ్యంలోకి పారిపోయి చెట్టు కింద కూర్చొని చావు కోరుకుంటాడు. దేవదూత వచ్చి ఆయనను మందలించలేదు. లేచి తినమన్నాడు, ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు, దూత రెండోసారి లేపి మళ్లీ తినిపించాడు. అన్నమూ నిద్రా అయిన తర్వాతే హోరేబు కొండకు ప్రయాణం. అక్కడ ఏలీయా తాను ఒక్కడినే మిగిలానని మొరపెట్టుకుంటే, ఇశ్రాయేలులో బయలు అనే అన్యదేవతకు మోకాళ్లూనని ఏడు వేలమంది ఉన్నారని దేవుడు చెప్పాడు. ఏడు వేలమంది ఉన్నారు, ఆయనకు తెలియదు, అంతే. నా గదిలోనే, నా పక్క మంచంలోనే ఒకామె రోజూ మోకాళ్లూని ప్రార్థిస్తుంటే, నేను ఒక్కదాన్నే అని ఏడ్చినదాన్ని.

నీ విశ్వాసంలో లోపం ఉందా అని అడిగావు. గెత్సేమనే తోటలో ప్రభువే పేతురునూ, జెబెదయి కుమారులిద్దరినీ వెంట తీసుకువెళ్లి, తన ప్రాణం దుఃఖంలో మునిగి ఉందని చెప్పి, తనతో కూడ మెలకువగా ఉండమని అడిగాడు. తండ్రితో అంత దగ్గరగా ఉన్నవాడే మనుషుల తోడు కోరాడంటే, నువ్వు కోరడంలో తప్పేముంది? వాళ్లు నిద్రపోయారు. ఆయన మూడుసార్లు ఒకే మాట ప్రార్థించాడు, తొలగించమని అడిగిన శ్రమల గిన్నె తొలగిపోలేదు. అయినా "లెండి, వెళ్లుదము" అని లేచాడు. క్రీస్తునందు బలపడడం అంటే నాకు తెలిసినంతలో ఇదే: సెలవు రాకపోయినా, కన్నీళ్లు ఆగకపోయినా, ఆయన చిత్తం నా మేలు కోరేదేనని నమ్మి, లేచి డ్యూటీకి వెళ్లడం. ఆ లేవడం ఒక్కరోజులో రాదు. నాకు మూడో ఏడు గడిచేసరికి కాస్త వచ్చింది, ఇప్పటికీ కొన్ని ఉదయాలు కష్టంగానే ఉంటుంది. అయిదు నెలలకే ఫలం కనిపించలేదని దిగులు పడుతున్నావు, చెల్లెమ్మా, మామిడి తోటల సీమలో పుట్టిన పిల్లవు నువ్వే తొందరపడితే ఎలా?

ఏలీయా కథ చదివిన ఆ వారమే సిస్టర్ వెంట మలయాళ ఆరాధనకు వెళ్లాను. పాటల్లో ఒక్క ముక్క అర్థం కాలేదు, యేసు అన్న పేరు తప్ప. ఏడ్చాను, ఎవరూ కారణం అడగలేదు, ఒకామె నా చేయి పట్టుకొని కూర్చుంది. కువైట్ సిటీలోని ఇవాంజెలికల్ చర్చి కాంపౌండులో ఎన్నో భాషల సంఘాలు కూడుకుంటాయని, తెలుగువాళ్లూ ఉన్నారని ఆమే చెప్పింది. మన ప్రాంతంలో 1853లో ఆర్కాటు మిషన్ ప్రారంభించిన అమెరికా రిఫార్మ్‌డ్ చర్చివాళ్లే ఇక్కడ 1914లో ఆసుపత్రి కట్టారని తర్వాత తెలిసింది. మా అవ్వకు ప్రార్థన నేర్పిన సంఘపు ఆనవాలు ఇంత దూరంలో కనబడినప్పుడు, నేను పరాయిచోటికి వచ్చానన్న బెంగ సగం తగ్గింది. అనుమతి ఉన్న చోట్లలోనే కూడుకోవాలి, బయట కరపత్రాలు పంచకూడదు. మిగతా నియమాలు సంఘపెద్దలు చెబుతారు.

నువ్వు రాకపోతే గమనించే మనిషి ఒక్కరైనా ఉండాలి, ముందు ఆ ఒక్కరిని వెతుక్కో. అమ్మతో వారానికి ఒకరోజైనా నిజం చెప్పు. ఆమె ప్రార్థించడానికి ఆమెకు నిజం కావాలి. వారాల తరబడి నిద్ర పట్టకపోతే, అన్నం సయించకపోతే డాక్టరును కలువు, నర్సువు కదా, రోగికి చెప్పేదే నీకూ చెప్పుకో.

ఈ శుక్రవారం ఎవరి డ్యూటీ తీసుకోవద్దు. ఆరాధన అయ్యాక కాంపౌండు గేటు దగ్గర నీ కోసం నిలబడి ఉంటాను. ఖాళీ కడుపుతో రావద్దు, తిని రా.