పాత గోడ ఉబ్బు మోడల్‌లో కనిపించడం లేదా? సమాధానం

తమ్ముడూ, పర్లాకిమిడిలో మీ తాతగారి సున్నపు గచ్చు మేడను లేజర్ స్కాన్ చేయిస్తే, ఉబ్బిన పడమటి గోడ కంప్యూటర్‌లో గీసిన త్రీడీ మోడల్‌లో నిటారుగా వస్తోందని రాశావు. తప్పు స్కాన్‌ది కాదు. ఇలా భవనాల మోడల్ గీసే సాఫ్ట్‌వేర్లు కొత్త కట్టడాల కోసం పుట్టినవి. గోడ అనగానే ఒకే మందంతో తిన్నగా గీస్తాయి. పాత కట్టడాలకు వీటిని మలచుకునే పద్ధతిని 2009లో డబ్లిన్‌లో పరిశోధకుడు మారిస్ మర్ఫీ బృందం ముందుకు తెచ్చింది. అక్కడ కూడా ఆధారం స్కాన్ చుక్కలే, అంటే లేజర్ గోడ మీద కొలిచిన బిందువులే.

అందుకే ఆ ఒక్క గోడను చుక్కల నుంచి నేరుగా మెష్‌గా, అంటే చుక్కలను కలిపిన సన్నని వలలా తీసి మోడల్‌లో పెట్టు. మిగతా గోడలు మామూలుగా గీస్తే చాలు. తర్వాత నిటారు తలంతో పోల్చి, ఎక్కడ ఎంత ఉబ్బిందో రంగుల పటం తీయి. నిరుడు బరంపురంలో ఒక ఇంటికి అలా చేస్తే, కిటికీ పక్కన జానెడు మేర ఎర్రగా, అంటే బాగా ఉబ్బినట్టు తేలింది. తాపీ మేస్త్రి అక్కడే వేలితో కొట్టాడు, డొల్ల శబ్దం వచ్చింది. నా మనసు చివుక్కుమంది.

ఉబ్బు పెరుగుతోందో లేదో ఒక్క స్కాన్ చెప్పలేదు. కదలని చోట గుర్తులు పెట్టి, వానలు తగ్గాక వాటి ఆధారంగానే మళ్లీ స్కాన్ చేయించు. సిమెంటు అతుకులున్న చోట్లను కూడా మోడల్‌లో నమోదు చెయ్యి, వాటి వెనక తేమ నిలుస్తుంది. అంతవరకు దయచేసి ఆ గోడకు సిమెంటు పూత వేయించకు.