ట్రైపాడ్ లేకుండా రాత్రి వీధి ఫొటోలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: రంజాన్ రాత్రుల్లో చార్మినార్ చుట్టుపక్కల కెమెరాతోపాటు వచ్చిన 18–55 కిట్ లెన్స్‌తో ఫొటోలు తీశాను. కెమెరా తెర మీద బాగానే కనిపించాయి. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే అన్నీ అలుక్కుపోయినట్టున్నాయి. నాయిస్ (గరుకు చుక్కలు) వస్తుందని ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) 800 దాటనివ్వలేదు. చాలావాటికి షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరుచుకుని ఉండే సమయం) 1/8 సెకను అని చూపిస్తోంది. కొత్త లెన్స్ కొనాలా? (పాఠకుడు, ఖమ్మం)

జవాబు: కొనే సంగతి తర్వాత. ముందు ఒక ఫొటోను వంద శాతానికి పెంచి చూడండి. దుకాణం బోర్డు మీది అక్షరాలు కూడా రెండేసిగా కనిపిస్తే కదిలింది మీ చెయ్యి. బోర్డు శుభ్రంగా ఉండి మనుషులు మాత్రమే చెదిరితే కదిలింది వాళ్లు. మొహం మసగ్గా ఉండి వెనక గోడ స్పష్టంగా వస్తే ఫోకస్ తప్పింది. మూడు జబ్బులకూ మందులు వేరు. లెన్స్‌లోని స్టెబిలైజర్ (చేతి వణుకును తగ్గించేది) మొదటిదానికే పనికొస్తుంది, నడిచే మనిషిని అది ఆపలేదు.

మామూలు నడకలో మనిషి సెకనుకు 1.2 మీటర్లు కదులుతాడనుకుందాం. 1/8 సెకనులో 15 సెంటీమీటర్లు, అంటే దాదాపు మొహం వెడల్పంత జరిగిపోతాడు. 1/125లో అయితే ఒక సెంటీమీటరే.

మీ విషయంలో మందు ఐఎస్ఓలోనే ఉంది. 800 నుంచి 6400కి పెంచితే మూడు స్టాప్‌లు (ఒక్కో స్టాప్ అంటే రెట్టింపు). అదే వెలుతురులో 1/8 కాస్తా 1/60 అవుతుంది. నిలబడి బేరమాడేవాళ్లకు అది చాలు. నడిచేవాళ్లకు 1/125 కావాలంటే మిగిలిన ఒక స్టాప్ వీధిలోనే వెతుక్కోవాలి. హలీం హోటల్ ఎదుటో, లాడ్ బజార్ గాజుల దుకాణం ముందో నిలబడి, ఆ వెలుతురులోకి మనుషులు వచ్చేదాకా ఆగండి. నాలుగడుగులు అవతల కంటికి అంతే వెలుగున్నట్టు అనిపిస్తుంది గానీ, కెమెరాకు సగం కూడా అందకపోవచ్చు.

జూమ్ 18 దగ్గరే ఉంచండి. 55కి వెళితే అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్ 3.5 నుంచి 5.6కి మూసుకుంటుంది. వెలుతురు 40 శాతానికి పడిపోతుంది, పైగా చేతి వణుకు మూడింతలై కనిపిస్తుంది. తక్కువ ఐఎస్ఓలో చీకటిగా తీసి తర్వాత కంప్యూటర్‌లో వెలిగించుకుందామన్న ఆలోచన కూడా వద్దు. నీడల్లో నాయిస్ తగ్గదు సరికదా, చాలా కెమెరాల్లో పెరుగుతుంది.

ఇదంతా చేశాక కూడా కొనాలనిపిస్తే 35 ఎంఎం ఎఫ్ 1.8 చూడండి. దాదాపు నాలుగింతల వెలుతురు వస్తుంది. 50 ఎంఎం చవకే, కానీ క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) మీద 75 ఎంఎంలా పనిచేస్తుంది కాబట్టి ఇరుకు గల్లీల్లో వెనక్కి జరగడానికి చోటుండదు. ఒక హెచ్చరిక: 35ని పూర్తిగా తెరిస్తే రెండు మీటర్ల దూరంలో స్పష్టంగా ఉండేది జానెడు లోతే.

ప్రశ్న: చీకట్లో ఆటోఫోకస్ ముందుకీ వెనక్కీ తిరుగుతూ ఉండిపోతోంది. ఈలోగా మనిషి వెళ్లిపోతున్నాడు. (పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: ఆటోఫోకస్‌కు పట్టుకోవడానికి ఒక అంచు కావాలి. నల్లచొక్కా మీద పెడితే ఏమీ దొరకదు. చొక్కా కాలరు, కళ్లజోడు ఫ్రేము, బోర్డు అంచు లాంటి వెలుగునీడలు కలిసే చోట మధ్య పాయింటు పెట్టండి. ఫోకస్ కోసం వెలిగే సహాయ దీపాన్ని మెనూలో ఆపేయండి. ఎదుటివాళ్ల కళ్లలో అది పడ్డాక సహజమైన ఫొటో ఇక రాదు.

ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి ఆటోఫోకస్‌ను వదిలేయడం. కిట్ లెన్స్‌ను 18, ఎఫ్ 3.5 దగ్గర పెట్టి, మూడు మీటర్ల దూరంలో ఉన్న వెలుగున్న వస్తువు మీద ఫోకస్ చేసి, మాన్యువల్‌కు మార్చేయండి. క్రాప్ సెన్సర్ మీద సుమారు 1.8 మీటర్ల నుంచి 8 మీటర్ల దాకా అన్నీ చాలినంత స్పష్టంగా వస్తాయి. ఆ తర్వాత జూమ్ రింగును ముట్టుకోవద్దు. తిప్పితే చాలా కిట్ లెన్స్‌లలో ఫోకస్ జరిగిపోతుంది.

పట్టుకోవడం గురించి కూడా ఒక మాట. మోచేతులు పక్కటెముకలకు ఆనించండి, ఎడమ అరచేయి లెన్స్ కింద ఉండాలి. ఊపిరి సగం వదిలి, మూడు ఫొటోలు వరసగా పడేలా బటన్‌ను నొక్కి ఉంచండి. మొదటిది నొక్కుడుకు, చివరిది వేలు తీసేటప్పుడు కదులుతుంది. ఎక్కువసార్లు మధ్యదే బాగుంటుంది.

ప్రశ్న: ఎల్‌ఈడీ లైట్ల కింద ఫొటోల్లో అడ్డంగా నల్లచారలు వస్తున్నాయి. కెమెరా పాడైందా? (పాఠకుడు, గుంటూరు)

జవాబు: కెమెరాకు ఏమీ కాలేదు. మన కరెంటు 50 హెర్ట్‌జ్, అందువల్ల చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. 1/500 లాంటి వేగంలో కెమెరాకు ఆ మినుకులో ఒక ముక్కే అందుతుంది. షట్టర్‌ను 1/100కో 1/50కో మార్చండి, పూర్తి మినుకులు పట్టి చారలు పోతాయి. పైన చెప్పిన 1/125 బదులు 1/100 వాడినా నడిచేవాళ్లకు పెద్ద తేడా రాదు. సైలెంట్ మోడ్ అంటే ఎలక్ట్రానిక్ షట్టర్. చారలు అందులోనే ఎక్కువ, మెకానికల్ షట్టర్‌కు మారండి. అక్షరాలు పరిగెత్తే డిజిటల్ బోర్డుల లెక్క వేరు. వాటి వేగం వాటిదే, 1/60, 1/50, 1/30 వేసి చూసుకోవాలి. అమెరికాలో ఉన్న పాఠకులకు: అక్కడ 60 హెర్ట్‌జ్, కాబట్టి 1/60 లేదా 1/125.

ప్రశ్న: రాత్రి తీసినా పగల్లా వస్తోంది. దీపాలు తెల్లటి ముద్దల్లా ఉన్నాయి. మొహాలేమో పసుపు. (పాఠకురాలు, వరంగల్)

జవాబు: ఫ్రేములో నలుపు ఎక్కువుంటే కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు దాన్ని బూడిదరంగుకు తేవాలని చూస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటోను ఇంకా వెలుగ్గానో చీకటిగానో తీయించే సెట్టింగ్) మైనస్ 1 పెట్టండి. షట్టర్ వేగం కూడా ఆ మేరకు పెరుగుతుంది, అది అదనపు లాభం. తెర వెలుతురు తగ్గించుకుని హిస్టోగ్రామ్ (వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) చూడండి. చీకట్లో తెర ఎప్పుడూ ఉన్నదానికన్నా వెలుగ్గా కనిపించి మోసం చేస్తుంది.

పసుపు సంగతికొస్తే, పాత సోడియం దీపాల కాంతి సుమారు 2000 కెల్విన్ (కాంతి రంగుకు కొలత). అందులో నీలం దాదాపు ఉండదు. లేని రంగును రా (RAW) ఫైల్, అంటే కెమెరా మార్పులు చేయకుండా దాచే ఫైల్ కూడా తేలేదు. దుకాణం తెల్లదీపం మొహం మీద పడే చోటికి మీరే జరగండి, వైట్ బ్యాలెన్స్ (కాంతి రంగును సరిచేసే సెట్టింగ్) 4000 కెల్విన్ దగ్గర కదలకుండా ఉంచండి. వీల్లేకపోతే ఆ ఫొటోను నలుపు తెలుపు చేసేయడం మేలు.

ప్రశ్న: ఫోన్ నైట్ మోడ్‌లో వీధి బాగా వస్తోంది, మనుషులే దెయ్యాల్లా ఉన్నారు. (పాఠకుడు, కరీంనగర్)

జవాబు: నైట్ మోడ్ ఒకటి రెండు సెకన్లపాటు చాలా ఫొటోలు తీసి ఒకటిగా కలుపుతుంది. కదిలినవాళ్లు ఆ కలపడంలో చెదిరిపోతారు. సెట్టింగులు మనమే పెట్టుకునే ప్రో మోడ్‌లో 1/60, ఐఎస్ఓ 1600తో మొదలుపెట్టండి. ప్రధాన కెమెరానే వాడండి, 2ఎక్స్, 3ఎక్స్ నొక్కవద్దు. తీసే ముందు లెన్స్ గ్లాసును మెత్తటి గుడ్డతో తుడవండి. దీపాల చుట్టూ వచ్చే పొగమంచు చాలాసార్లు వేలి జిడ్డే.

ప్రశ్న: ప్రతి వీధిదీపానికీ ఎదురుమూలలో ఒక ఆకుపచ్చ చుక్క వస్తోంది. (పాఠకుడు, నెల్లూరు)

జవాబు: లెన్స్ ముందు బిగించిన యూవీ ఫిల్టర్ గాజును తీసేసి మళ్లీ తీయండి. ఆ చుక్క గాజులో తలకిందులుగా పడే దీపం ప్రతిబింబం.