పన్ను సలిపే రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మొన్న శనివారం రాత్రి మా మామయ్యగారికి కింది దవడ పన్ను విపరీతంగా సలిపింది. తెల్లారేసరికి బుగ్గ వాచిపోయింది. ఆయనకు షుగరు ఉంది, గుండె కోసం రక్తం పలచబడే మాత్ర కూడా వేసుకుంటారు. ఫోన్‌లో వెతికితే దగ్గర్లోనే పళ్ళ డాక్టర్లు నలుగురైదుగురు కనిపించారు. ‘తెరిచే ఉంది’ అని కూడా చూపించింది కానీ ఒక్కరూ ఫోన్ ఎత్తలేదు. చివరికి మందుల షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ వేసుకుంటే నొప్పి తగ్గింది. ఇప్పుడు ఆయన డాక్టరు దగ్గరికి రానంటున్నారు. తీసుకెళ్ళాలా? ఇలాంటప్పుడు ఎవరిని, ఎలా వెతుక్కోవాలి? ఇంట్లో ఎనిమిదేళ్ళ బాబు ఉన్నాడు, వాడు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట పడి దెబ్బలు తగిలించుకుంటాడు. ఆ భయం కూడా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: తీసుకెళ్ళాలమ్మా, తప్పకుండా తీసుకెళ్ళాలి. మీ ఉత్తరంలో నంబరు ఉంది కాబట్టి ఈ మాట మీకు ఫోన్‌లో ముందే చెప్పాను. మిగతా పాఠకుల కోసం వివరంగా రాస్తున్నాను.

పంటి మధ్యలో నరం, రక్తనాళాలు ఉండే మెత్తటి భాగం ఒకటి ఉంటుంది. పిప్పి అక్కడిదాకా వెళ్తే ఆ భాగం వాస్తుంది. చుట్టూ గట్టి పన్ను, వాయడానికి చోటు లేదు. అందుకే అంత పోటు. పడుకుంటే తలవైపు రక్తం ఒత్తిడి పెరిగి ఇంకా సలుపుతుంది. కొన్నాళ్ళకు ఆ నరం చచ్చిపోతుంది, నొప్పి దానంతటదే ఆగిపోతుంది. ఇంట్లోవాళ్ళు తగ్గిపోయిందనుకుంటారు. లోపలి క్రిములు మాత్రం వేరు కొసదాకా దిగి ఎముకలో చీము పట్టిస్తాయి. చచ్చిన నరంలోకి రక్తం వెళ్ళదు కాబట్టి, రక్తంతోపాటు వెళ్ళాల్సిన యాంటీబయాటిక్ కూడా అక్కడికి చేరదు. పన్ను తెరిచి శుభ్రం చేయడమో, చీము తీయడమో, పన్ను పీకడమో జరగాల్సిందే. అమెరికా దంతవైద్యుల సంఘం 2019లో ఇచ్చిన సూచనలు కూడా ఇదే చెబుతాయి: వెంటనే చికిత్స దొరికే చోట చాలా రకాల పంటినొప్పికి యాంటీబయాటిక్ అక్కర్లేదు. జ్వరం, నలత ఉంటేనో, వాపు పాకుతుంటేనో ఇస్తాం. అప్పుడు కూడా అది చికిత్సకు తోడే, చికిత్స మాత్రం కాదు. పైగా మామయ్యగారికి షుగరు. చీము ఉన్నంతకాలం షుగరు అదుపులోకి రాదు, షుగరు ఎక్కువగా ఉన్నంతకాలం చీము తగ్గదు.

ఇక ఎవరి దగ్గరికి వెళ్ళాలన్న సంగతి. వెతకడం మొదలుపెట్టే ముందు రోగి ముఖాన్ని వెలుతురులో ఒక్కసారి బాగా చూడండి. వాపు కంటి కిందికి గాని, దవడ కిందినుంచి మెడలోకి గాని పాకుతోందా? గుటక వేయలేకపోతున్నారా, చొంగ కారుతోందా? నోరు రెండు వేళ్ళు పట్టేంత కూడా తెరుచుకోవడం లేదా? నాలుక కింద ఉబ్బి మాట ముద్దగా వస్తోందా? ఊపిరి కష్టంగా ఉందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పళ్ళ డాక్టరు కోసం వెతకొద్దు. నేరుగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి. నాలుక కింద మొదలై మెడకు పాకే ఆ వాపును లుడ్విగ్ అనే జర్మన్ వైద్యుడు 1836లోనే వర్ణించాడు. ఎక్కువగా కింది దవడ పళ్ళనుంచే మొదలవుతుంది. గంటల్లోనే శ్వాసను మూసేయగలదు. దవడ ఎముక విరిగినా, తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పినా, రక్తం ఆగకపోయినా అక్కడికే. ఇంకొకటి: కింది దవడ లాగుతూ, దాంతోపాటు ఛాతీ బరువు, చెమటలు ఉంటే అది పంటినొప్పి కాకపోవచ్చు, గుండెపోటు కావచ్చు.

పై లక్షణాలేవీ లేకుండా ఒట్టి పంటిపోటుతో ఎమర్జెన్సీకి వెళ్తే చాలాచోట్ల నొప్పిమాత్ర ఇచ్చి పంపిస్తారు. రాత్రిపూట అక్కడ పన్ను తెరిచే కుర్చీ, పరికరాలు ఉండడం అరుదు. అందుకని ముందు మీరు ఎప్పుడూ చూపించుకునే డాక్టరుకే ఫోన్ చేయండి. ఎత్తకపోతే సందేశం పెట్టండి, ఎంతోమంది తెల్లారగానే చూసి పిలుస్తారు. ఆ తర్వాత దంతవైద్య కళాశాల ఆసుపత్రి. నా ఉద్దేశంలో దూరమైనా ఇదే మంచిది: ఎక్స్‌రే, పన్ను పీకేవాళ్ళు, నోటి శస్త్రచికిత్స నిపుణులు ఒకే చోట ఉంటారు. కాకపోతే ఓపీ వేళలు కనుక్కుని పొద్దున్నే వెళ్ళాలి. ఫోన్‌లో ‘తెరిచే ఉంది’ అని కనిపించేది ఎవరో ఎప్పుడో నమోదు చేసిన వేళ. దాన్ని నమ్మి రోగిని బండెక్కించకండి.

ఎవరైనా ఫోన్ ఎత్తితే ‘ఖాళీ ఉందా’ అని అడగొద్దు. విషయం ఇలా చెప్పండి: “కింది దవడ పన్ను, నిన్నటినుంచి వాపు, వయసు ఇంత, షుగరు ఉంది, రక్తం పలచబడే ఫలానా మాత్ర వేసుకుంటున్నారు. డాక్టరు గారు ఇప్పుడు ఉన్నారా? ఎక్స్‌రే ఉందా? ఈరోజే పన్ను తెరిచో, చీము తీసో పంపిస్తారా, మందులు రాసిచ్చి మళ్ళీ రమ్మంటారా?” ఆ చివరి ప్రశ్నకు వచ్చే జవాబునుబట్టే ఎక్కడికి వెళ్ళాలో తేల్చుకోండి. ఖర్చు కూడా అప్పుడే మొహమాటం లేకుండా అడగండి.

రక్తం పలచబడే మాత్రను మీ అంతట మీరు ఆపకండి. పన్ను పీకితే వచ్చే రక్తాన్ని మేము ఆపగలం. మాత్ర ఆపినందువల్ల గుండెలోనో మెదడులోనో గడ్డ కడితే ఆ నష్టం పూడ్చలేం. చాలామందికి మాత్ర ఆపకుండానే పన్ను తీస్తాం. అవసరమైతే గుండె డాక్టరుతో మేమే మాట్లాడతాం. ఆయనకు ఐబూప్రొఫెన్ లాంటి నొప్పిమాత్రలు వద్దు, రక్తస్రావం పెరుగుతుంది. మోతాదు మించకుండా పారాసెటమాల్ చాలు. చిగురు మీద ఆస్పిరిన్ పెట్టకండి, చర్మం కాలిపోయి పుండవుతుంది. వాపు మీద వేడి కాపడం వద్దు. తల కాస్త ఎత్తుగా పెట్టి పడుకోబెట్టండి.

మీ బాబు సంగతి వేరు, అక్కడ లెక్క నిమిషాల్లో ఉంటుంది. ఎనిమిదేళ్ళకు పై ముందు పళ్ళు మామూలుగా శాశ్వతమైనవే. అలాంటి పన్ను ఊడి కిందపడితే వేరును ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని తీయండి. వేరు మీద కంటికి కనబడని సజీవ కణాలుంటాయి, పన్ను మళ్ళీ ఎముకకు అతుక్కునేది వాటివల్లే. రుద్దకండి, గుడ్డతో తుడవకండి. మట్టి ఉంటే పాలతోనో సెలైన్‌తోనో ఒక్క క్షణం కడిగి, పక్క పన్నుతో సరిచూసుకుని అదే గుంటలో పెట్టి, శుభ్రమైన గుడ్డను మెల్లగా కరిచి పట్టుకోమనండి. పెట్టే ధైర్యం లేకపోతే పన్నును పాలలో వేసి పరుగెత్తండి. మంచినీళ్ళలో వేస్తే ఆ కణాలు ఉబ్బి చచ్చిపోతాయి. పావుగంటలోపు తిరిగి పెడితే చాలా మంచిది, గంటసేపు పొడిగా ఉంటే ఆ కణాలు దాదాపుగా మిగలవు. అలా ఆలస్యమైనా సరే, పన్ను పారేయకుండా తీసుకెళ్ళండి. ఊడింది పాలపన్ను అయితే మాత్రం తిరిగి పెట్టకూడదు, లోపల ఎదుగుతున్న కొత్త పన్ను దెబ్బతింటుంది. పాలపన్నో కాదో తెలియకపోతే పాలలో వేసుకుని డాక్టరుకు చూపించండి, వాళ్ళే చెబుతారు.

మామయ్యగారు రానంటే నొప్పి మాట ఎత్తకండి, ఎక్స్‌రే ఒక్కటి తీయించుకుందామని చెప్పి తీసుకెళ్ళండి. వేరు కొసన ఎముక కరిగిన నల్లటి మచ్చ ఆ ఫిల్ములో కనిపిస్తే చాలామంది ఆ కుర్చీలోనే చికిత్సకు ఒప్పుకుంటారు.