మన ఊరి బడిలో ఆస్టరాయిడ్ల ప్రోగ్రాం పెడుతున్న చిట్టితల్లికి

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు, నువ్వు సెలవు పెట్టుకుని వచ్చి మన హైస్కూల్ పిల్లలకి ఆస్టరాయిడ్ల గురించి, అదే సూర్యుడి చుట్టూ తిరిగే రాళ్ళ గురించి చెప్తావట, రాత్రిపూట డాబా ఎక్కించి బైనాక్యులర్స్‌తో ఆకాశం కూడా చూపిస్తావట. ఎంత పొంగిపోయానో, మీ పెద్దమ్మని నిద్ర లేపి మరీ చెప్పా. ఆ తర్వాత నీ స్లైడ్లు వాట్సాప్‌లో పంపాడు. అవి చూశాక నాకు నిద్ర పట్టలేదు, అందుకే తెల్లారకుండానే కూర్చుని రాస్తున్నా.

ముందు చిన్నవి. హెడ్మాస్టర్ దగ్గర పర్మిషన్ కాగితం మీద తీసుకో. అమావాస్యకి అటూ ఇటూ రోజులు చూసుకో. టార్చికి ఎర్ర కవరు ముక్క చుట్టు, లేకపోతే కళ్ళు చీకటికి అలవాటు పడవు. డాబా మాత్రం వద్దే వద్దు, ఆ స్కూల్ డాబాకి తూర్పు వైపు పిట్టగోడ లేదు, పిల్లలు పైకి చూస్తూ వెనక్కి నడుస్తారు. గ్రౌండ్‌లో పెట్టుకో. ఈ విషయంలో నాతో వాదించకు.

ఇక నీ రెండో స్లైడ్. మార్స్‌కీ జూపిటర్‌కీ మధ్య ఒక గ్రహం ఢాంమని పేలిపోయి ఆ ముక్కలే ఆస్టరాయిడ్లు అయినట్టు బొమ్మ పెట్టావు. ఎమ్మెస్సీ చదివినదానివి, ఇదేంటమ్మా? రెండొందల ఏళ్ళ నాటి పొరపాటు ఇది, పిల్లల బుర్రలో ఒకసారి పడితే మళ్ళీ పోదు, క్విజ్ పుస్తకాల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. ఆ కథ తెలుసుకుని చెప్పు, గ్రహం పేలడం కన్నా అదే బాగుంటుంది.

1801 జనవరి 1 రాత్రి సిసిలీలోని పలెర్మోలో పియాజ్జీ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడికి సిరీస్ అనే మొదటి ఆస్టరాయిడ్ కనబడింది. అది సూర్యుడి వెలుగులో పడి తప్పిపోతే గౌస్ అనే లెక్కల పండితుడు లెక్క కట్టి ఎక్కడ వెతకాలో చెప్పాడు, ఏడాది చివర్లో మళ్ళీ దొరికింది. ఆ ఖాళీలో ఒక గ్రహం ఉండాలని అప్పటికే అందరూ ఎదురు చూస్తున్నారు కాబట్టి హమ్మయ్య అనుకున్నారు. కానీ 1802 మార్చిలో ఓల్బర్స్ అనే ఇంకో ఖగోళ శాస్త్రజ్ఞుడికి దాదాపు అంతే దూరంలో ఇంకోటి దొరికింది, పాలస్. ఒక్కటి ఉండాల్సిన చోట రెండు ఎందుకున్నాయి? పాపం ఆయన బాగానే ఆలోచించాడు, ఒకే గ్రహం ముక్కలైందేమో, అలా అయితే ముక్కలన్నీ అది పగిలిన చోటు గుండానే మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి కదా, అక్కడే కాపు కాద్దాం అన్నాడు. 1804లో హార్డింగ్‌కి జూనో, 1807లో ఓల్బర్స్‌కే వెస్టా దొరికాయి. తప్పు ఊహ పట్టుకుని వెతికితే నిజమైనవే దొరికాయి చూడు, ఇంక ఆ ఊహని ఎవరు వదులుకుంటారు! అందుకే అది అన్నేళ్ళు బతికింది.

మరి ఎందుకు తప్పు? మార్స్‌కీ జూపిటర్‌కీ మధ్య ఆస్టరాయిడ్లు తిరిగే ఆ బెల్టులో ఉన్నదంతా పోగేసినా మన చందమామ బరువులో వందో వంతుకి మూడు నాలుగు రెట్లే, అందులో మూడో వంతు పైగా ఒక్క సిరీసే. గ్రహం పేలితే మిగతాదంతా ఏదీ? పైగా ఒకే కుండ పగిలితే పెంకులన్నీ ఒకే మట్టివి కావాలి, ఇక్కడ అలా లేదు. వెస్టా లోపల కరిగి, పైన లావా పారి గట్టిపడింది, ఆ సంగతి నాసా వాళ్ళ డాన్ నౌక 2011లో దగ్గరికెళ్ళి చూసింది. జపాన్ వాళ్ళు 2020లో ర్యుగు అనే ఆస్టరాయిడ్ నుంచి తెచ్చిన 5 గ్రాముల నల్లపొడి చూస్తే అది ఎప్పుడూ కరిగిందే కాదు, నీళ్ళు తగిలిన బంకమట్టి ఖనిజాలున్నాయి దాంట్లో. జరిగిందేంటంటే, 456 కోట్ల ఏళ్ళ కిందట అక్కడ కూడా రాళ్ళూ ధూళీ గ్రహంగా కూడుతూనే ఉన్నాయి, ఈలోగా జూపిటర్ బలిసి వాటిని అటూ ఇటూ లాగేసింది, స్పీడు పెరిగింది, అతుక్కోవాల్సినవి గుద్దుకుని పగిలాయి, చాలా మటుకు బయటికి విసిరేయబడ్డాయి. అలాగని ముక్కలే కావనకు, చాలా ఆస్టరాయిడ్లు ముక్కలే, కాకపోతే ఒక్క గ్రహానివి కావు, ఎన్నో చిన్న చిన్న వాటివి. పగిలిన రాళ్ళు మళ్ళీ వదులుగా కుప్పపడ్డవి కూడా ఉన్నాయి, ర్యుగు అలాంటిదే.

ఆఖరి స్లైడు చూసి మాత్రం నిజంగా కోపం వచ్చింది. డైనోసార్లు, మంటలు, కింద 'నెక్స్ట్ మనమేనా?' అని. తీసెయ్ తల్లీ. 1979 జులైలో అమెరికా వాళ్ళ అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పడుతుందన్నప్పుడు నేను టెన్త్‌లోకి వచ్చా. ఎలాగూ పోతాం కదా అని ఊళ్ళో కోళ్ళు కోసుకు తిన్నారు, మేకలు వచ్చిన రేటుకి అమ్మేశారు. మీ నానమ్మ మమ్మల్ని పక్కలో వేసుకుని తెల్లవార్లూ కూర్చుంది. అది ఎక్కడో ఆస్ట్రేలియా వైపు పడింది గానీ, మీ నాన్న చాన్నాళ్ళు విమానం చప్పుడైతే చాలు మంచం కింద దూరేవాడు. అడుగు, సిగ్గుపడతాడు. అప్పుడు మాకు కూర్చోబెట్టి వివరంగా చెప్పినవాళ్ళు ఒక్కళ్ళు లేరు, ఆ పని నువ్వు చెయ్యి.

అపోఫిస్ అనే ఆస్టరాయిడ్ గురించి కచ్చితంగా అడుగుతారు, టీవీల్లో అదే గోల. 2029 ఏప్రిల్ 13న సుమారు 32 వేల కిలోమీటర్ల దూరం నుంచి పోతుంది, ఇంకో వందేళ్ళ దాకా మనల్ని తగలదని రాడార్‌తో తేల్చేశారు అని చెప్పు. 2022లో నాసా వాళ్ళు డార్ట్ నౌకతో డైమోర్ఫస్ అనే చిన్న ఆస్టరాయిడ్‌ని గుద్ది, అది తన పెద్ద జోడీ ఆస్టరాయిడ్ చుట్టూ తిరిగే టైం అరగంట పైగా తగ్గించారని చెప్పు. 2013లో రష్యాలో చెల్యాబిన్స్క్ ఊరి మీద ఆకాశంలో ఒక ఉల్క పేలినప్పుడు వెలుగు చూసి జనం కిటికీల దగ్గరికి పరిగెత్తారు, కాసేపటికి అదురు వచ్చి అద్దాలు పగిలి గుచ్చుకున్నాయి, దెబ్బలు తగిలినవాళ్ళు పదిహేనొందల మంది దాకా. ఆకాశంలో అంత మెరుపు వస్తే కిటికీకి దూరం జరగాలి, ఇది భయపెట్టడం కాదు, పనికొచ్చే సంగతి.

మన మద్రాసు అబ్జర్వేటరీ నుంచే 1861లో పోగ్సన్ ఒక ఆస్టరాయిడ్ కనిపెట్టి దానికి ఆసియా అని పేరు పెట్టాడు, అది కూడా చెప్పు, పిల్లల మొహాలు వెలుగుతాయి.

చూపించడానికి వెస్టా పెట్టుకో, ఆ రోజుల్లో కనబడుతుందో లేదో ఆకాశం చూపించే ఆ స్టెల్లేరియం యాప్‌లో ముందే చూసుకో. చుక్కలాగే ఉంటుంది, ఇంతేనా అంటారు. అందుకని మొదటి రాత్రే ఒక్కొక్కళ్ళతో తెల్లకాగితం మీద చుట్టుపక్కల నక్షత్రాలన్నీ పెన్సిల్‌తో గుర్తు పెట్టించు, మూడ్నాలుగు రోజులాగి అదే కాగితం పట్టుకుని మళ్ళీ చూడమను. ఒక్క చుక్క జరిగి ఉంటుంది, అది వాళ్ళే పట్టుకోవాలి, నువ్వు నోరు మెదపకు. అంటే రెండ్రోజులు చాలవు, సెలవు ఇంకో మూడ్రోజులు పెంచు.

రెండో స్లైడు మార్చి ఆదివారంలోగా నాకు పంపు. బైనాక్యులర్స్ నావి కూడా తెస్తా. భోజనం మా ఇంట్లోనే, పెద్దమ్మ ఇప్పటికే గోంగూర గొడవ మొదలుపెట్టింది.

పెదనాన్న