మధ్యగతంలో గతం ఎక్కడిది?

సందేహం: నేను లెక్కల ఉపాధ్యాయుణ్ని. మీడియన్‌ను పాఠ్యపుస్తకాల్లో మధ్యగతం అంటున్నారు. గతమంటే గడిచిపోయినది కదా, మధ్యమం అంటే చాలదా? మొదటి చతుర్థాంశం అన్నప్పుడు అది ఒక భాగమా, ఒక సంఖ్యా? బాక్స్ ప్లాట్‌ను తెలుగులో ఏమనాలి? (ఉత్తరం పెద్దది, కుదించాను.)

సమాధానం: గతమంటే గడిచిపోయినదే కానక్కరలేదు. 'గమ్' ధాతువు నుంచి వచ్చిన ఈ మాట సమాసం చివర నిలిచినప్పుడు 'చేరినది, ఉన్నది' అనే అర్థం ఇస్తుంది. హస్తగతం, అంతర్గతం, వ్యక్తిగతం అన్నప్పుడు కాలం ఎవరికీ గుర్తుకు రాదు. మధ్యగతం అంటే నడుమ ఉన్నది. మధ్యమం అనకపోవడానికి కారణం వేరే ఉంది: సగటుకు అంకమధ్యమం అనే పేరు ఇప్పటికే స్థిరపడింది.

నన్నడిగితే అసలు తికమక 'సగటు'లోనే ఉంది. సగటు మనిషి అన్నప్పుడు మన మనసులో ఉండేది అటు కలవాడూ ఇటు లేనివాడూ కాని నడిమివాడు, అంటే మధ్యగతం దగ్గరి మనిషి. అంకెల్లోకి వచ్చేసరికి అదే మాట అన్నీ కూడి భాగించగా వచ్చినదానికి పేరవుతుంది. ఈ రెండూ ఎంత దూరం జరగగలవో మీ ఉత్తరమే చూపిస్తోంది. అందులో 11 వాక్యాలున్నాయి. ఒక్కొక్కదానిలో మాటలు లెక్కపెట్టి వరసగా పేర్చాను: 3, 4, 5, 6, 6, 7, 8, 9, 10, 11, 52. సగటు 11. కానీ పది వాక్యాలు 11 మాటలు దాటలేదు! పాఠ్యపుస్తకాల మీద విసుగుతో రాసిన ఆ ఒక్క వాక్యమే సగటును పైకి ఈడ్చుకుపోయింది. వరసలో ఆరోది, నట్టనడిమిది, 7. అదే మధ్యగతం.

చతుర్థాంశం విషయంలో మీ అనుమానం న్యాయమైనదే. చతుర్థ, అంశం కలిస్తే నాలుగో వంతు అనే అర్థం వస్తుంది. అది భాగం పేరు. లెక్కల్లో మాత్రం ఆ పేరు భాగాలను విడదీసే సంఖ్యకు పెట్టారు. పొలంలో మూడు గట్లు వేస్తే నాలుగు మళ్లు అవుతాయి. మొదటి, రెండవ, మూడవ చతుర్థాంశాలు గట్లు, మళ్లు కావు. రెండో గట్టే మధ్యగతం. పిల్లలకు చెప్పేటప్పుడు పావు గట్టు, అర గట్టు, ముప్పావు గట్టు అనండి, పరీక్షలో చతుర్థాంశం అని రాయించండి. ముప్పావు అంటే మూడు పావులు. ముక్కంటిలో, ముమ్మారులో ఉన్న 'ము' ఇదే. మీ వాక్యాల్లో నడిమి 7ను పక్కన పెడితే కింది అయిదింటి నడుమ 5, పై అయిదింటి నడుమ 10 ఉన్నాయి. అవే పావు, ముప్పావు గట్లు.

బాక్స్ ప్లాట్‌ను 1977లో వచ్చిన తన పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చినవాడు అమెరికా గణాంక శాస్త్రవేత్త జాన్ టూకీ. కంప్యూటర్ల 'బిట్' అనే మాటను కల్పించినదీ ఆయనే. అంకెల గుంపును టూకీగా చెప్పే బొమ్మకు టూకీ పేరు ముడిపడటం తెలుగువాళ్లకు మాత్రమే అందే చమత్కారం. రెండు మాటలకూ చుట్టరికం ఏమీ లేదు.

ఆయన పెట్టిన పేరులో పెట్టెతోపాటు మీసాలూ ఉన్నాయి. అందుకే 'పేటికా చిత్రం' కన్నా నాకు 'మీసాల పెట్టె' నచ్చుతుంది. 5 నుంచి 10 దాకా పెట్టె, లోపల 7 దగ్గర అడ్డగీత, రెండు వైపులా మీసాలు. రొయ్యకు బారెడు మీసం ఉంటే ఉండవచ్చు గానీ ఈ మీసానికి హద్దుంది: పెట్టె పొడవుకు ఒకటిన్నర రెట్లు మించకూడదు. ఇక్కడ పెట్టె పొడవు 5, దానికి ఒకటిన్నర రెట్లు 7.5, కాబట్టి పై హద్దు 10 + 7.5, అంటే 17.5. ఆలోపు ఉన్న చివరి సంఖ్య 11 దగ్గర మీసం ఆగుతుంది. కింది వైపు 3 దగ్గర ఆగుతుంది.

52ను విడిగా చుక్కతో చూపాలి. అలాంటివాటిని 'వెలి విలువలు' అనవద్దు. వెలి అనగానే వెలివేత గుర్తుకొచ్చి, కొట్టివేయమన్నట్టు వినిపిస్తుంది. 'దూరపు విలువ' చాలు. మీ వాక్యం దూరంగా ఉందే గానీ తప్పుగా లేదు. వ్యాకరణం చూశాను, ఒక్క కామా మాత్రం తక్కువైంది.