మజ్జ, మూలుగ, మార్పిడి

సందేహం: మా అన్నయ్య కొడుక్కి తొమ్మిదేళ్లు. అక్యూట్ మైలాయిడ్ లుకేమియా (ఒక రకం రక్త క్యాన్సర్) అని తేలింది. ‘అవసరమైతే ఎముక మజ్జ మార్పిడి’ అన్నారు డాక్టర్లు. వాడి చెల్లి ఎముక తీసి వీడికి పెడతారేమోనని మా అమ్మ ఏడుస్తోంది. ‘మజ్జ మార్పిడి’ అనే మాట సరైనదేనా? – ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: ముందు మీ అమ్మగారి భయం తీరాలి. ఎముక ఎవరూ తీయరమ్మా. చెల్లికి మత్తిచ్చి, తుంటి ఎముకలోంచి సూదితో కొంత మూలుగ, అంటే మజ్జ, లాగుతారు. కొన్ని వారాల్లో అది మళ్లీ ఊరుతుంది. బాబుకు దాన్ని రక్తం ఎక్కించినట్టే నరంలోకి ఎక్కిస్తారు.

మూలుగ అచ్చంగా మన మాట. మాంసం కొట్లో మూలుగ బొమిక అడిగి వేయించుకునేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. తమిళంలో దీని తోబుట్టువు ‘మూళై’. అక్కడ మెదడుకూ మూలుగకూ అదే పేరు. రెండూ ఎముక గూట్లో దాగిన మెత్తని పదార్థాలే కదా! మూలకణం (రక్తకణాలకు పుట్టుకనిచ్చే కణం) అనే మాట పక్కన కనబడిందని మూలుగ కూడా ‘మూలం’ నుంచి పుట్టిందనుకోకండి.

మజ్జ సంస్కృతం. మునగడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిందని సంప్రదాయంగా చెబుతారు, ఎముకలో మునిగి ఉండేదని. మజ్జనం, నిమజ్జనం ఆ ధాతువు నుంచి పుట్టినవే. ఏటా బెజవాడలో వినాయకుణ్ణి కృష్ణలో నిమజ్జనం చేస్తూ కూడా మజ్జ అంటే తెల్లబోతాం. ఆయుర్వేదం సప్తధాతువుల్లో దీన్ని ఎముక తర్వాత ఆరోదిగా లెక్కపెట్టింది.

నా కోపం ‘మార్పిడి’ మీద. నోట్ల మార్పిడిలో ఒకటిచ్చి ఒకటి పుచ్చుకుంటాం. ఇక్కడ చెల్లి పుచ్చుకునేదేమీ లేదు. బాబు ఎముకల్లోని జబ్బు మూలుగను మందులతో ఖాళీ చేశాక, ఎక్కించిన కణాలు వాటంతటవే ఎముకల్లోకి చేరి వేళ్లూనుకుంటాయి. మిరపనారు పోసి నాటే గుంటూరు సీమలో దీన్ని ‘నాటడం’ అంటే ఎవరికి అర్థం కాదు? పత్రికలవాళ్లు ఆ మాట ఎందుకు పట్టుకోరో!

అన్నట్టు, ‘అవసరమైతే’ అన్నది జారవిడవకండి. ఈ జబ్బొచ్చిన పిల్లలందరికీ ఇది చేయరు. మొదటి కీమోకు (క్యాన్సర్ మందుల చికిత్సకు) జబ్బు ఎంత లొంగింది, ఆ కణాల్లో జన్యుమార్పులు ఎలాంటివి అని చూస్తారు. లొంగే రకమైతే కీమోతోనే సరిపెడతారు. మొండిదైనా, తిరగబెట్టినా దీనికి వెళ్తారు. చెల్లి మూలుగ బాబుకు పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతే. కుదరకపోతే, సగం సరిపోయే అమ్మానాన్నల్లో ఒకరిది తీసుకునే పద్ధతీ ఉంది.

‘ఎముక మజ్జ మార్పిడి’ తప్పని కొట్టేయలేను, వాడుకలో పాతుకుపోయింది. మీ అమ్మగారికి మాత్రం ‘మూలుగ నాటడం’ అనే చెప్పండి.