కల్చర్‌లో ఏమీ లేదంటారు, నొప్పి మాత్రం పోదు

ఏడాదిగా పొత్తికడుపులో నొప్పి, గంటకోసారి మూత్రానికి పరుగు, కల్చర్ పరీక్ష ఎన్నిసార్లు చేయించినా క్రిములు లేవనే రిపోర్టు, చివరికి ఇంట్లోవాళ్లే ‘అంతా నీ భ్రమ’ అనడం. మీరు రాసిన ప్రతి మాటా నేను అనుభవించినదే. మీ నొప్పి భ్రమ కాదు.

నేను డాక్టరును కాను, నాలుగేళ్లుగా ఈ మూత్రాశయ నొప్పి జబ్బుతో ఉన్నదాన్ని. మొదట్లో అందరూ ఇన్ఫెక్షన్ అనే అనుకున్నారు. కల్చర్‌లో ఏమీ లేకపోయినా మూడు కోర్సుల యాంటీబయాటిక్స్ మింగాను. ఆ తర్వాత కలిసిన యూరాలజిస్టు అడిగిన ఒక్క ప్రశ్నతో దారి దొరికింది: ‘నొప్పి మూత్రం పోసేటప్పుడా, మూత్రాశయం నిండుతున్నప్పుడా?’ నాకు నిండుతున్నప్పుడే. పోసి వస్తే కాస్త ఊరట, అరగంటకే మళ్లీ అదే బరువు, అదే మంట.

దీన్ని ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ అనీ, మూత్రాశయ నొప్పి సిండ్రోమ్ అనీ అంటారు. బాధ ఆరు వారాలకు మించి ఉండి, ఇన్ఫెక్షన్, రాళ్లు వంటి ఇతర కారణాలేవీ లేవని తేలాక ఈ పేరు పెడతారు. ఇదే జబ్బని తేల్చి చెప్పే పరీక్ష అంటూ ఒక్కటీ లేదు. కొందరికి సిస్టోస్కోపీలో, అంటే సన్నని కెమెరా గొట్టంతో మూత్రాశయం లోపల చూసే పరీక్షలో, హన్నర్ పుండ్లనే ఒక రకం పుండ్లు లోపలి గోడ మీద కనిపిస్తాయి. వాటిని కాల్చేస్తే చాలామందికి నొప్పి బాగా తగ్గుతుంది కాబట్టి, ఆ పరీక్ష మీకు అవసరమా అని తప్పక అడగండి. నాకు పుండ్లు లేవు.

నాకు అన్నిటికన్నా మేలు చేసింది ఒక నోటుబుక్కు. స్నానాలగదిలో ఒక కొలత గ్లాసు, పక్కనే దారం కట్టిన పెన్సిలు. ‘రాత్రి 2:10, 90 మిల్లీలీటర్లు, నొప్పి పదికి ఏడు’ అని మొదటి పేజీలో ఉంది. మామూలుగా మూత్రాశయం 300 నుంచి 400 మిల్లీలీటర్ల దాకా పట్టుకోగలదు. అంటే నాది నిండకుండానే కేకలు పెడుతోందన్నమాట. రెండు వారాలు రాశాక, కాఫీ తాగిన ప్రతిసారీ రెండు మూడు గంటల్లో నొప్పి పెరుగుతోందని తెలిసింది. నిమ్మ, నారింజలతోనూ అంతే. టమాటా మాత్రం నన్నేమీ చేయలేదు, మరొకరికి అదే పడకపోవచ్చు. అందుకే పెద్ద నిషేధాల జాబితా పట్టుకుని తిండి మానేయకండి. ఒక్కొక్కటే కొన్నాళ్లు ఆపి, మళ్లీ మొదలుపెట్టి చూడండి. మాటిమాటికీ వెళ్లాలని భయపడి నీళ్లు తగ్గించడం నేను చేసిన తప్పు. మూత్రం చిక్కబడి మంట ఇంకా పెరిగింది.

మూత్రాశయాన్ని కింద నుంచి మోసే కటి కండరాల సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నొప్పికి భయపడి అవి ఎప్పుడూ బిగుసుకునే ఉంటాయట. ఎవరో చెప్పారని నేను ఆ కండరాలను పదేపదే బిగించే కెగెల్ వ్యాయామాలు చేశాను, నొప్పి రెట్టింపైంది. బిగించడం కాదు, వదలడం నేర్చుకోవాలి. ఈ కండరాల విషయం తెలిసిన ఫిజియోథెరపిస్టు దగ్గర మూడు నెలలు పట్టింది. పొత్తికడుపు మీద వేడినీళ్ల సంచి పెట్టుకుని, పొట్ట లేచేలా నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం ఇప్పటికీ రోజూ చేస్తాను. మూత్రానికి వెళ్లే వ్యవధిని కూడా పది పది నిమిషాలుగా పెంచుకుంటూ వచ్చాను.

మందుల్లో నాకు తక్కువ మోతాదు అమిట్రిప్టిలిన్ పనిచేసింది. నోరు ఎండుతుంది, ఉదయం మత్తుగా ఉంటుంది. ఈ జబ్బుకే ఇచ్చే పెంటోసాన్ అనే మందు రాస్తే కంటి పరీక్ష గురించి అడగండి, దీర్ఘకాలం వాడినవారిలో కొందరికి రెటీనా దెబ్బతిన్నది. మూత్రాశయంలోకి నేరుగా మందు ఎక్కించే పద్ధతి కూడా ఉంది.

మూత్రంలో రక్తం కనిపించినా, జ్వరం వచ్చినా ఇవన్నీ పక్కనపెట్టి వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లండి. లేదంటే ఈ రోజు నుంచే లెక్క రాయడం మొదలుపెట్టి, మూడు రోజుల పేజీలూ పాత కల్చర్ రిపోర్టులూ తేదీల వరుసలో పెట్టుకుని యూరాలజిస్టును కలవండి. నా మాట నమ్మనివాళ్లు కూడా ఆ పేజీలు చూసి కుర్చీ ముందుకు జరుపుకున్నారు.